నా నవ్వు, నా కింది హాలు

సూరత్ నగరం లింబాయత్‌ల ఉంటున్న ఆడెపు భాగీరథిని, కీర్తిశేషుడు ఆడెపు శ్యాంసుందర్ భార్యను, వయసు అరవై తొమ్మిది, తెలివి సక్కగ ఉండంగనే, ఎవ్వరి జోరు జబర్దస్తీ లేకుండ, నా తదనంతరం నా స్థిర చరాస్తులు ఎవరెవరికి చెందాలెనో ఈ కాగితం మీద రాయిస్తున్న. ఇంతకు ముందు ఇసుంటి కాగితం నేను రాయలే. ఇదే మొదటిది, ఇదే ఆఖరుది.

రాస్తున్నది వకీలు శ్రీవల్లి. మనోళ్ల పిల్లనే, సలాబత్‌పురాల ఆఫీసు పెట్టుకున్నది. "సదరు", "సర్వహక్కులతో", "చెందవలసినది" అన్న మాటలు ఎక్కడ కనపడ్డా అవి ఆమెవి. తక్కినవన్ని నావి. నా మాటలు కొన్ని తీసేద్దామని చూసింది. "అమ్మా, ఇది కోర్టుకు పోయే కాగితం" అన్నది. "కోర్టుల కూడ మనుషులే ఉంటరు గద బిడ్డా" అన్న. అట్లనే రాసుకున్నది. దీనికి గుజరాతీ నకలు వెంట పెట్టాలెనట. నా మాటలు గుజరాతీలకు మార్చే తిప్పలు ఆమెది, నాది కాదు.

తెలివి సక్కగున్నదని డాక్టరు చిట్టీ కూడ కావాలెనన్నది. మన తెలుగు డాక్టరు సాయిచరణ్ దగ్గరికి మొన్న పొద్దుగాల్నే పోయిన. పాపం, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కూసున్నడు. "ఇయ్యాల ఏ వారమమ్మా?" అని అడిగిండు. "మంగళవారం. నువ్వు అంగీ తిర్లేసి తొడుక్కున్నవు బిడ్డా" అన్న. వంగి చూసుకున్నడు. కుట్లన్ని బయటికే ఉన్నయి. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొని, ఇంకో సవాలు అడగకుండ సంతకం పెట్టి ఇచ్చిండు. ఆ చిట్టీ దీని వెంట కుట్టి ఉన్నది.

1. లింబాయత్‌ల నా పేరు మీద ఒక ఇల్లు ఉన్నది. కింద పెద్ద హాలు, మీద రెండు అర్రలు, వంటిల్లు, దాని మీద డాబా. నా భర్త బతికుండంగనే నా పేరు మీద రిజిస్ట్రీ చేయించిండు. "నా చెవులు పాయె. రేపు ఎవడేం చెప్పి సంతకం పెట్టించుకుంటడో నాకెట్ల ఎరుకైతది? నీ పేరు మీదనే ఉండనీ" అన్నడు. సదరు ఇంట్ల మీది భాగం, డాబాతో సహా, నా కొడుకు శివకృష్ణకు సర్వహక్కులతో చెందవలసినది.

కింది హాలు సంగతి వేరే ఉన్నది. అక్కడికి వస్త. జర ఓపిక పట్టాలె.

2. నా అత్త సమ్మక్క నాకిచ్చిపోయిన ఇత్తడి చెంబు నా మనుమరాలు హారతికి చెందవలసినది. చెంబుతోని అత్త కథ కూడ పోవాలె గనుక చెప్తున్న.

పుట్టుకతోనే నా నవ్వు పెద్దది. తల్లిగారింట్ల నేను నవ్వితే వాకిట్ల కోళ్లు ఎగిరిపోయేటివి. పెండ్లయి సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌కు కాపురానికి వచ్చిన కొత్తల, ఏదో మాటకు అట్లనే నవ్విన. అత్తమ్మ చేతుల ఉన్న చెంబును ఠక్కున కింద పెట్టింది. "పండ్లు కనపడేటట్టు గా నవ్వేంది? బజారుల పోయేటోళ్లు ఏమనుకోవాలె?" అన్నది. ఇగ ఆనాటి నుంచి నాకు నవ్వొస్తే కొంగు నోట్ల కుక్కుకొనుడే.

అత్తమ్మను తిట్టేటందుకు చెప్తలేను. ఆమెకు కూడ నవ్వొచ్చేది. నేను చూసిన. మొహం గోడ దిక్కు తిప్పుకొని నిలబడేది, భుజాలు మాత్రం ఎగిరేటివి. పోయేటప్పుడు తన ముచ్చట్లన్నీ లోపల్నే పెట్టుకొని పోయింది. హారతీ, ఆ చెంబుల నీళ్లు తాగుకుంట మాత్రం నవ్వకు, సరం తప్పుతది. తక్కినప్పుడు నీ ఇష్టం.

3. నా భర్త చెవి మిషను, దాని డబ్బీతో సహా, ఏదన్న ధర్మాసుపత్రికి ఇయ్యాలె. కొత్తదే. కొడుకు ముచ్చటపడి తెచ్చిండు. ఆయన ఒక్క పూట పెట్టుకొని తీసేసిండు. "ఇన్నేండ్లు ఏమేమి మాట్లాడుకుంటున్నరో అనుకున్న. ఏం లేదు. అంత ధరల ముచ్చటే" అన్నడు.

చెవులు పోవుడు మా పనిల కొత్త కాదు. కింది హాలుల మావి కరెంటు మగ్గాలు నడిచేటివి. సాంచలంటం మేము. ఆయన సాంచలు నడిపేటోడు, నేను ఆయన పక్కన కండెలు చుట్టేదాన్ని. ఆ మోతల మనిషి చెవుల నోరు పెట్టి అరిచినా వినపడది. నాకైతే అదే స్వర్గం. అత్తమ్మ మీది అర్రల పండుకొని ఉంటే, కింద నేను కొంగు తీసేసి నోరంత తెరిచి నవ్వేదాన్ని. ఒక్కరికి వినపడేది కాదు. ఆయన ఒక్కడే చూసేటోడు. చూసి, ఇంకింత నవ్వించేటోడు. మాల్ చూసేటందుకు వచ్చే సేఠ్ నడక నడిచి చూపెట్టేటోడు, పొట్ట ముందుకు పెట్టి, చేతులు ఎనక కట్టుకొని, ప్రతి తాను కాడ ఆగి ముక్కు ఎగబీల్చుకుంట. మొగడు పెండ్లాలం మేము సక్కగ ముచ్చట పెట్టుకున్నది ఆ మోతలనే. చేతులతోని, కండ్లతోని.

అత్తమ్మ పోయింది. సాంచలు పాతబడితే అమ్మేసినం. ఇల్లంత నిమ్మళమైంది. ఇగ గట్టిగ నవ్వొచ్చు అనుకునేసరికి ఆయన చెవులు పూర్తిగ బంద్ అయినయి. ఒక పొద్దుమూకి డాబా మీద కూసొని పతంగులు ఎగరేసే పోరగాండ్లను చూసి నవ్వుతున్న. ఆయన నా వీపు మీద అరచేయి పెట్టిండు. చాన సేపు తియ్యలే. ఏందని సైగ చేసిన. "వినపడ్తున్నది" అన్నడు.

ఆనాటి నుంచి నేను నవ్వినప్పుడల్ల ఆ చెయ్యి వీపు మీదికి వచ్చేది. ముసలోళ్లం, చూసేటోళ్లు ఏమనుకుంటరో అని నేను సిగ్గుపడేదాన్ని. ఆయన పడలే. మిషను అక్కరకు రాకపోవుడు అందుకే. సదరు మిషను ఎవలకన్న పనికొస్తే సంతోషం.

4. నా మరిది ఆడెపు గోపాల్‌కు నా నల్ల గొడుగు ఇస్తున్న. పెద్దది, కమ్మి గట్టిది. ఎందుకో ఆయనకు ఎరుకే. ఎరుక లేనోళ్ల కోసం రాయిస్తున్న.

గోపాల్ మా కులసంఘంల పెద్దమనిషి. నవ్వితే మర్యాద తగ్గుతదని నమ్మినోడు. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. నా భర్తకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. తమ్ముడు కూసొని ఉంటే ఎనక నుంచి పోయి నెత్తి మీద టప్పున ఒకటి కొట్టి పోయేటోడు. వెంట్రుకలు ఉన్నప్పుడు కొట్టిండు, ఊడినంక ఇంకింత ముద్దుగ కొట్టిండు. సంఘం మీటింగుల పది మంది ముందట కొట్టిండు. గోపాల్ కండ్లు మూసుకొని "అన్నా!" అనేటోడు. అంతే.

నా భర్త పోయిండు. పిట్టకు పెట్టే దినం అందరం తాపీ నది ఒడ్డుకు పోయినం. ఆయనకు ఇష్టమైనవన్ని విస్తరిల పెట్టినం. మటన్ కూర, సర్వపిండి, సూరత్‌కు వచ్చినంక రుచి మరిగిన లోచో. కాకి వచ్చి ముట్టాలె. ముడితేనే పోయినాయన మనసు నిమ్మళంగ ఉన్నట్టు. కాకులు మస్తుగున్నయి గని, చెట్టు మీద కూసొని మా దిక్కు చూస్తున్నయి. ఒక్కటి దిగలే. ఎండ నెత్తికెక్కింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నరు. నా కొడుకు మొహం తెల్లగైంది.

అప్పుడు గోపాల్ ముందుకు వచ్చిండు. రెండు చేతులు జోడించి, "అన్నా, ఏం తక్కువైంది? ఏం కావాలెనో చెప్పు. నేనున్న గద" అని పిలిచిండు. ఎనక ఉన్నోళ్లు ఏడుస్తున్నరు. ఒక కాకి లేచింది. సక్కగ వచ్చింది. విస్తరి మీద వాలలే. గోపాల్ గుండు మీద వాలింది. వాలి, టప్పున ఒక్క పోటు పొడిచి లేచిపోయింది.

గోపాల్ కండ్లు మూసుకొని "అన్నా!" అన్నడు.

నేను నవ్విన. తాపీ ఆవలి ఒడ్డుకు వినపడేటట్టు నవ్విన. ఆపుకుందామనుకోలే. ఆ ఒక్క నిమిషం ఆయన అక్కడ నిలబడ్డట్టే ఉండె, ఇప్పుడే తమ్ముని కొట్టి నా దిక్కు చూసి కన్ను గీటినట్టే ఉండె. ఉన్నోన్ని చూసి ఎట్ల ఏడుస్త?

అది ఎవ్వరికి చెప్పరాలే. ఆడోళ్లు నోట్ల కొంగు పెట్టుకున్నరు. గోపాల్ వెళ్లిపోయిండు, మల్ల మా ఇంటి మెట్టు ఎక్కలే. నా కొడుకు నా ముందటికి వచ్చి, "నాయిన పోయిండని అందరు ఏడుస్తుంటే నువ్వు నవ్వినవమ్మా" అన్నడు. అదే ఆఖరు మాట. అటెన్క నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు.

గోపాల్, గొడుగు తీసుకో. ఎగతాళి అనుకోకు. నీ అన్న నిన్ను ఎంత ముద్దు చేసిండో నాకెరుక.

5. ఇప్పుడు కింది హాలు. సదరు హాలు, దాని ముందటి దర్వాజ, కిటికీలు, కరెంటు మీటరుతో సహా, నా కోడలు లతకు, ఆమె సొంతానికి, సర్వహక్కులతో చెందవలసినది. దానిల ఆమె భర్తకు గాని మరెవ్వరికి గాని వాటా లేదు.

శివకృష్ణ రింగ్ రోడ్ మీద చీరల మార్కెట్‌ల దుకాణం నడుపుతడు. దిండోలీల ఫ్లాటు తీసుకొని ఉంటడు. వాడు రాకున్నా లత వచ్చేది. పగటీలి వంట కాంగనే టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చి, నాతోని కూసొని పొయ్యేది. మంచి పిల్ల, నిదానం మనిషి. నవ్వొస్తే తల వంచుకునేది.

మా గల్లీల ఐలమ్మ అని ఉన్నది. ఇంట్ల కూసొని చీరల మీద మెరిసే రాళ్లు అంటించే పని చేస్తది. వాళ్లది రేకుల ఇల్లు, ఎండకు కాలిపోతది. "అక్కా, నీ హాలు చల్లగున్నది, జర కూసుంట" అని ఒక దినం చీరల మూట పట్టుకొని వచ్చింది. తర్వాత ఒక మరాఠీ ఆమె వచ్చింది. ఒడియా పిల్లలు వచ్చిన్రు. సాంచలు పోయినంక దుమ్ము పట్టి ఉన్న హాలు ఆడోళ్లతోని నిండింది. చేతులు పని చేస్తుంటె నోర్లు ఊకె ఉంటయా? ఐలమ్మ సూరత్‌కు వచ్చిన కొత్తల దారి తప్పి ఎవలదో గుజరాతీ బారాత్ వెంట నడిచిందట. మంటపం దాక పోయి, పూరీలు తిని, పెండ్లిపిల్లను సాగదోలేటప్పుడు వాళ్లతోని కలిసి ఏడ్చి, ఇంటికి మిఠాయి డబ్బా కూడ తెచ్చుకున్నదట. ఆ ముచ్చట ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఒడియా పిల్లలు, భాష సగం సగం తెలిసినోళ్లు, పొట్ట పట్టుకొని నవ్వుతరు.

లత మాత్రం నవ్వేది కాదు. ఒకనాడు అడిగిన. "ఇంట్ల ఏం నవ్వాలె అత్తమ్మా? ఆయన అలసిపోయి వస్తడు. నేను నవ్వితే దేనికని అడుగుతడు. చెప్తే ఆయనకు నవ్వు రాదు. అట్లట్ల నాకు అలవాటే తప్పింది" అన్నది. గొడవ లేదు, కష్టం లేదు. అలవాటు తప్పింది, అంతే.

అప్పుడే శివకృష్ణ లతతోని కబురు పంపిండు. హాలు ఊకెనే పడి ఉన్నది, ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకునేటాయన కిరాయికి అడుగుతున్నడు, ఇచ్చేద్దామని. నాతోని మాట్లాడడు గని నా హాలు మాత్రం కిరాయికి ఇస్తడు! నేను జవాబియ్యలే. కొడుకు మల్ల మెట్టెక్కుతడంటె హాలు పోతే పోనీ అని కూడ ఒక గడియ అనుకున్న.

ఒక మధ్యాహ్నం ఐలమ్మ, "లతా, మీ ఆయన దుకాణంల గుజరాతోళ్లతోని ఎట్ల మాట్లాడుతడే?" అని అడిగింది. ఎన్నడు లేంది, లత చీర డబ్బా ఒకటి ఫోను లెక్క చెవికి పెట్టుకొని లేచి నిలబడ్డది. నడుము మీద చెయ్యి పెట్టి, మెడ పక్కకు వాల్చి, అచ్చం నా కొడుకు. "హా సేఠ్, హా సేఠ్. మాల్ తో కబ్ కా నికల్ గయా సేఠ్. టెంపో? టెంపో తో ఆప్ కీ గలీ మే ఖడా హోగా సేఠ్" అన్నది. మాల్ ఎప్పుడో ఎల్లింది, టెంపో మీ గల్లీలనే నిలబడి ఉంటదని సేఠ్‌కు చెప్పుడన్నట్టు. అని, డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టి, పక్కకు తిరిగి తెలుగుల గట్టిగ, "అరేయ్, ముందుగాల ఆ మూట కట్టుర్రి!" అన్నది.

ఐలమ్మ కింద పడి దొర్లింది. మేము దొర్లుతుంటె చూసి లతకు కూడ మొదలైంది. ముందుగాల ఎక్కిళ్ల లెక్క చిన్నగ వచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలే. గోడకు ఒరిగి, జారి కూసొని, కండ్ల నీళ్లు కారంగ నవ్వింది. సన్నగ, పైకి పైకి పోయే నవ్వు. నేను గూడ అదే మొదలు వినుడు.

దర్వాజ కాడ శివకృష్ణ నిలబడి ఉన్నడు. పక్కన, వాని కంటె ముందుగాల్నే వచ్చి అంత చూసిన కిరాయిదారు, చేతుల కొలిచే టేపు. హాలు కొలుచుకుందామని వచ్చిన్రు. ఆడోళ్లు అడ్డం ఉన్నరు గనుక వానికి లత కనపడ్తలేదు. దర్వాజ దగ్గర కూసున్న ఐలమ్మను అడిగిండు. "ఎవరత్తా, గట్ల నవ్వేది?"

"నీ పెండ్లామే గద బిడ్డా" అన్నది ఐలమ్మ.

వాని మొహం నేను చూసిన. పెండ్లయి ఇన్నేండ్లకు, ఒక్క కంచంల తిన్న మనిషి నవ్వును గుర్తు పట్టలేకపోయిండు. అది వానికి అక్కడ నిలబడే ఎరుకైంది.

లత వాన్ని చూసింది. డబ్బా చేతుల నుంచి జారింది, చెయ్యి నోటి మీదికి పోయింది. కిరాయిదారు నవ్వుకుంట, "ఆప్ కీ హీ నకల్ కర్ రహీ థీ, భాయ్" అని, లత చేసి చూపెట్టింది వాన్నే అన్న సంగతి చెప్పేసిండు. ఇగ లత మల్ల ఇక్కడికి రాదు అనుకున్న నేను.

శివకృష్ణ లత దిక్కు చూసిండు. తర్వాత కిరాయిదారుకు చెప్పిండు. "హాల్ ఖాళీ నహీ హై, భాయ్. మాఫ్ కర్నా." ఆయన టేపు చుట్టుకొని పోయిండు. శివకృష్ణ చెప్పులు ఇడిచి లోపలికి వచ్చి, చీరల మూట మీద కూసున్నడు. "అమ్మా, చాయ్ పెట్టు" అన్నడు.

తొందరల సగం చక్కెర కింద పోసిన. చాయ్ తాగుకుంట, అందరు వెళ్లినంక, అడిగిండు. "ఆ దినం ఎందుకు నవ్వినవమ్మా?" చెప్పిన. పైన రాయించిందే చెప్పిన, ఆయన కన్ను గీటినట్టు అనిపించిన కాడికి. వాడు గిలాస దిక్కే చూసుకుంట, "నాకు కూడ వచ్చిందమ్మా నవ్వు. కాకి చిన్నాయిన నెత్తి మీద వాలంగనే వచ్చింది. పండ్ల కింద నాలుక కొరికి పట్టుకున్న. నువ్వు నవ్వేసినవు, నేను నవ్వలేకపోయిన. అందుకేనేమో నీ మీద అంత కోపమొచ్చింది" అన్నడు. అని ఏడ్చిండు. తండ్రి పోయినంక వాడు ఏడ్చుడు నేను చూసింది అప్పుడే. నవ్వును ఆపిన కాడనే ఏడుపు కూడ ఆగి ఉన్నట్టున్నది.

"కొడుకు మారిండు గద అమ్మా, హాలు ఆయనకే ఇయ్యొచ్చు గద?" అని శ్రీవల్లి అడిగింది. మారిండు, మంచోడే. గని బజారు మందగించిన దినం వానికి మల్ల కిరాయి యాదికొస్తది. అది వాని తప్పు కాదు, బజారు గుణం. లతకు మాత్రం, దేనికి నవ్వినవని అడిగేటోళ్లు లేని జాగ ఒకటి ఉండాలె. అది ఎవలి దయ మీద ఉండొద్దు.

షరతు ఏం లేదు. ఆడోళ్లను రోజు కూసోబెట్టాలెనని నేను రాయిస్తలేను. రాయిద్దామా అని శ్రీవల్లి పెన్ను పట్టుకున్నది. వద్దన్న. నవ్వాలెనని కాగితం మీద హుకుం రాస్తే ఎవలకన్న నవ్వొస్తదా? లతకు విసుగొస్తే తాళం వేసుకోనీ, అమ్ముకోనీ, అండ్ల తానే సాంచలు పెట్టి నడపనీ. హాలు ఆమెది.

6. ఐలమ్మకు నా టేబుల్ ఫ్యాన్. తిరిగేటప్పుడు మెడ కాడ కిర్రుమంటది, ఒక్క చుక్క నూనె ఏస్తే ఊకుంటది.

7. నా మెడల ఉన్నది, చెవులకున్నది, అల్మారీల చీరలు, వంటింటి సామాను లత, హారతి ఇద్దరు పంచుకోవాలె. పంచుకునేటప్పుడు కొట్లాట వస్తే ఐలమ్మను పిలిచి బారాత్ ముచ్చట చెప్పించుకోవాలె. పైన చెప్పినవన్ని సక్రమంగ జరిపించే బాధ్యత సదరు వకీలు శ్రీవల్లికి అప్పజెప్తున్న.

8. ఇది సంతకం పెట్టే ముందు చేర్పిస్తున్న.

ఇయ్యాల శ్రీవల్లి ఆఫీసుకు నన్ను స్కూటర్ మీద తెచ్చింది శివకృష్ణనే. హాలు లతకు రాసిన సంగతి నేను వానికి చెప్పలే. శ్రీవల్లి అంత చదివి వినిపించింది. వాడు కిటికీ దిక్కు మొహం పెట్టి విన్నడు. అయినంక ఏమంటడో అని వాని దిక్కే చూస్తున్న. వాడు లేచి వచ్చి, "సాక్షి సంతకం నేను పెడ్త" అని టేబుల్ మీది పెన్ను తీసుకున్నడు.

"ఆగుర్రి, ఆగుర్రి" అన్నది శ్రీవల్లి. "మీకు, మీ భార్యకు ఆస్తి వస్తున్న కాగితం మీద మీరే సాక్షి అయితే, ఆమెకు రాసింది చెల్లదని రేపు ఎవలన్న కోర్టుకెక్కొచ్చు."

నిప్పు ముట్టినట్టు పెన్ను ఇడిచిపెట్టిండు నా కొడుకు. ఇడిచిపెట్టి, రెండు చేతులు ఎనకకు పెట్టుకొని, టేబుల్‌కు దూరంగ గోడ దాక జరిగిండు, ఏలు తగిలినా పాడైపోతదన్నట్టు. సాక్షిగ వచ్చి కూసున్న డాక్టరుకు ముందుగాల నవ్వొచ్చింది, తర్వాత ఇంకో సాక్షి, మా ఇడ్లీ దుకాణం నాగేశ్వరికి, తర్వాత మాకందరికి. గోడకు ఆనుకొని నిలబడ్డ శివకృష్ణ మమ్ములను చూసి, తన చేతులు చూసుకొని, నోరంత తెరిచి నవ్విండు. పెద్ద నవ్వు. నా నవ్వే వానికి వచ్చింది. అది మాత్రం నేను కాగితం రాసి ఇయ్యలే.

పై సంగతులన్నిటిని చదివించుకొని, విని, ఒప్పుకొని, ఈ కింద నా చేతితోని సంతకం పెడ్తున్న. అక్షరాలు వంకర పోతే వయసు వల్ల కాదు, ఇంకా నవ్వు ఆగలే.

స్థలం: సలాబత్‌పురా, సూరత్
తేది: 14 నవంబర్ 2025

(సంతకం) ఆడెపు భాగీరథి

ఆమె మా ముందట సంతకం పెట్టగ చూసి, ఆమె ముందట మేము సంతకాలు పెట్టినం. సాక్షులు:

1. డాక్టర్ సాయిచరణ్, సూరత్

2. నాగేశ్వరి, ఇడ్లీ దుకాణం, లింబాయత్

రాసినది: శ్రీవల్లి, వకీలు, సలాబత్‌పురా